ష్రోడింగర్ ఇష్టపడని సంఖ్య

ఆదివారంనాడు అబిడ్స్ కాలిబాటలపై పరచే పాత పుస్తకాలలో భౌతికశాస్త్ర విద్యార్థి వెదకదగినవి రెండున్నవి. ఒకటి 1930లో డిరాక్ ప్రచురించిన క్వాంటమ్ యాంత్రిక శాస్త్ర గ్రంథం. రెండవది 1965లో వెలువడిన ఫైన్‌మన్ ఉపన్యాసాల మూడవ సంపుటం. రెండూ ఉద్గ్రంథాలే. ఎలక్ట్రాన్ ఒకచోట కనబడే సంభావ్యతను తెలుసుకోవలెనంటే ముందుగా ఒక సంకీర్ణ సంఖ్యను, అనగా మైనస్ 1 వర్గమూలమైన ‘ఐ’ కలిసిన సంఖ్యను, తీసుకొని దాని పరిమాణాన్ని వర్గం చేయవలెనని రెండూ చెబుతాయి. ఈ సంఖ్యకే సంభావ్యతా కంపన పరిమితి అని పేరు. కాని ఈ ‘ఐ’ శాస్త్రంలోకి ఎట్లా ప్రవేశించినదో ఆ చరిత్రను రెండూ విడిచిపెట్టినవి. అందువల్ల విద్యార్థి దీనిని మంత్రంవలె వల్లిస్తాడు. లేదా ‘కల్పిత సంఖ్య’ అన్న పేరు చూచి అంతా కల్పనే అనుకొంటాడు.

ఫైన్‌మన్ రెండు చీలికల ప్రయోగంతో ఆరంభిస్తాడు. అబిడ్స్ నుండి నాంపల్లి స్టేషనుకు తిన్నగా స్టేషన్ రోడ్డున పోవచ్చును. నిజాం కళాశాల మీదుగా పబ్లిక్ గార్డెన్స్ చుట్టి కూడ పోవచ్చును. రెండవ దారి తెరిస్తే స్టేషను చేరే జనం పెరుగుతారే కాని తగ్గరు. ఎలక్ట్రాన్ల సంగతి వేరు. రెండవ చీలిక తెరవగానే, అంతకుముందు అవి చేరుతున్న కొన్ని చోట్లకు ఒక్కటైనా చేరదు. కనుక కూడవలసినవి సంభావ్యతలు కావు, కంపన పరిమితులు. ఇంతవరకు వివరణ అద్భుతం. అయితే ఒకదానినొకటి రద్దు చేసుకోవడానికి ప్లస్, మైనస్ గుర్తులు చాలవా? ‘ఐ’ ఎందుకు? ఈ సందేహం ఏడవ అధ్యాయంలో గాని తీరదు. నిశ్చిత శక్తిగల కణం ఒకచోట కనబడే సంభావ్యత కాలంతోపాటు మారరాదు. మామూలు సైన్ తరంగాన్ని వర్గం చేస్తే అది పెరిగి, తరిగి, మధ్య మధ్య సున్న కూడ అవుతుంది. సంకీర్ణ సంఖ్యకు దశ తిరుగుతుంది, పరిమాణం మారదు. ఈ మాట మొదటి అధ్యాయంలోనే చెప్పి ఉండవలసినది.

చరిత్ర ఇంకా రసవత్తరం. 1926 జనవరిలో ష్రోడింగర్ తన తొలి వ్యాసంలో తరంగ ప్రమేయం ‘సై’ని వాస్తవ ప్రమేయంగానే తీసుకొన్నాడు. జూన్ 6న లోరెంజ్‌కు వ్రాసిన లేఖలో సంకీర్ణ సంఖ్యల వాడుక తనకు రుచించలేదని, ‘సై’ మూలతః వాస్తవమే కావలెనని వాదించాడు. ‘ఐ’ లేకుండా సాధించాలని కాలం విషయంలో రెండవ తరగతి అవకలన సమీకరణాన్ని కూడ నిర్మించాడు. చివరకు జూన్ 21న పత్రికకు అందిన నాలుగవ వ్యాసంలో మొదటి తరగతి సమీకరణానికి, దానితోపాటు ‘ఐ’కి, లొంగక తప్పలేదు. నాలుగు రోజులకు మాక్స్ బోర్న్ వ్యాసం మరొక పత్రికకు చేరినది. తరంగానికి సంభావ్యత అన్న అర్థం అందులోనే ఉన్నది. కాని సంభావ్యత ‘సై’కి కాక దాని వర్గానికి అనుపాతంలో ఉంటుందన్న సవరణ ప్రూఫులు దిద్దేటప్పుడు చేర్చిన పాదసూచికలో మాత్రమే కనబడుతుంది! 1954లో బోర్న్‌కు నోబెల్ బహుమతి తెచ్చిన వ్యాఖ్యానానికి ఆ పాదసూచికే పునాది.

ఉపాధ్యాయునికి డిరాక్ దారి మేలు. ఆయన కాంతి ధ్రువణంతో మొదలుపెడతాడు. నిలువు, అడ్డు ధ్రువణాలను వాస్తవ సంఖ్యలతో కలిపితే ఏటవాలు ధ్రువణమే వస్తుంది. వృత్తీయ ధ్రువణం రాదు. దానికి ఒకటి రెండవదానికంటె పావు ఆవర్తనం వెనుకబడవలెను. ‘ఐ’తో గుణించడమంటే ఆ పావు చుట్టే. రెండుసార్లు గుణిస్తే అర చుట్టు, అనగా మైనస్ 1. ఇందులో కల్పన ఏమున్నది? డిరాక్ ఈ కారణాన్ని రెండు మూడు వాక్యాలలో ముగించడమే లోపం. నిజాం కళాశాలలో చదివిన సూరి భగవంతం 1931లో రామన్‌తో కలిసి ఫోటాన్‌కు భ్రమణం ఉన్నదని ప్రయోగపూర్వకంగా చూపినది కూడ ఈ కాంతి ధ్రువణ పరీక్షలతోనే.

ష్రోడింగర్ కోరిక పూర్తిగా తీరనిదని మాత్రం అనరాదు. ప్రతి సంకీర్ణ సంఖ్యకు బదులు రెండు వాస్తవ సంఖ్యలను వాడి, అదనపు నియమం చేర్చి లెక్క నడపవచ్చునని 1960లో స్ట్యూకెల్‌బర్గ్ చూపించాడు. వేరువేరు వ్యవస్థలను మామూలు పద్ధతిలోనే జోడించవలెనని నిబంధన పెడితే కేవల వాస్తవ సంఖ్యలు చాలవని 2021లో వెలువడిన పరిశోధన తేల్చినది. 2022లో ప్రచురితమైన ప్రయోగాలు దానిని బలపరచినవి. ఆ నిబంధన తప్పనిసరియా అన్నదే నేటి వాదమంతా.