హాల్లో నవల

గోడ మీద నాలుగడుగుల వెడల్పున నా వాక్యం! మొదటిరోజు చూసుకుని మురిసిపోయాను, చెప్పొద్దూ.

చత్వారం వచ్చిన దగ్గర్నుంచీ లాప్‌టాప్‌లో తెలుగు టైపు చేయడం నాకు గండంగా వుంది. "కొత్త మానిటరెందుకమ్మా, హాల్లో 55 అంగుళాల టీవీ వుండగా?" అని మా అబ్బాయి ఒక తీగె తెచ్చి లాప్‌టాప్‌కీ టీవీకీ ముడివేశాడు. పెద్ద ఖర్చు లేదన్న మాట మావారికి మరీ నచ్చింది.

ఈ ఉపాయం కొత్తదేం కాదు. 1982లో ఇంగ్లండులో సింక్లెయిర్ వారు అమ్మిన జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ అనే బుల్లి కంప్యూటరుకి సొంత తెర లేదు. ఇంట్లో టీవీకే తగిలించుకోవాలి. వరసకి 32 అక్షరాలు, మొత్తం 24 వరసలు, అంతే. వార్తల వేళకి అక్కడి తండ్రులు పిల్లల్ని ఎన్నిసార్లు లేపారో మనం వూహించుకోవచ్చు. మా ఇంట్లో ఏడున్నరకి అత్తగారి సీరియల్. నా కథ ఏ మలుపులో వున్నా సరే, లేవాల్సిందే.

ఇప్పటి 4కె టీవీలో అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలుంటాయి. వింటే కళ్లు తిరుగుతాయి. కానీ వాటిని 55 అంగుళాల తెరంతా పరచాలి కదా! అంగుళానికి 80 వస్తాయి. మామూలు 24 అంగుళాల ఫుల్ హెచ్‌డి మానిటరులోనే 92 దాకా వుంటాయి. పిండి నాలుగింతలే, పెనం మాత్రం అయిదింతలు! సోఫాలోంచి చూస్తే తెలీదు గానీ, రాయడానికి దగ్గరికి జరిగామా, దోసెలో చిల్లులు కనిపిస్తాయి.

దానికి తోడు రంగుల దగ్గర పిసినారితనం ఒకటి. టీవీలో చూసే సినిమాలూ సీరియళ్లలో వెలుగునీడలు చుక్క చుక్కకీ విడిగా వుంటాయి గానీ, రంగు మాత్రం నాలుగు చుక్కలకీ కలిపి ఒకటే. హీరోయిన్ పట్టుచీరలో ఆ సంగతి ఎవరూ పట్టుకోలేరు. చాలా టీవీలు కంప్యూటరు పంపే అక్షరాలకీ అదే పొదుపు చేస్తాయి. ఇంగ్లీషు అక్షరాలు ఎలాగో నెట్టుకొస్తాయి. మన వత్తుల గతేమిటి? "స్త్రీ" అని కొడితే త వత్తూ ర వత్తూ కలిసి ముద్దయి కూర్చున్నాయి. ఆడవాళ్ల గురించి నవల రాస్తూ ఆ మాటే చదవలేకపోవడం!

పైన మెనూ సగం తెగిపోయింది కూడా. పాతకాలం గాజుగొట్టం టీవీల్లో బొమ్మ అంచులు సరిగా వచ్చేవి కావని, బొమ్మని కాస్త పెద్దది చేసి చుట్టూ కత్తిరించేవారు. గొట్టం పోయినా ఆ అలవాటు చాలా టీవీల్లో మిగిలిపోయింది.

న్యాయంగా చెప్పాలంటే వీటికి మందులున్నాయి. తీగె తగిలించిన ఇన్‌పుట్‌కి "పీసీ" అని పేరు పెడితే చాలా టీవీల్లో రంగులు కుదుటపడతాయి. "స్క్రీన్ ఫిట్" లాంటి మాట వెతికి నొక్కితే అంచులు దక్కుతాయి. షార్ప్‌నెస్ తగ్గించాలి. మౌసు బాణం ఈడుస్తూ నడిస్తే "గేమ్ మోడ్" పెట్టాలి (నవల రాయడానికి గేమ్ మోడ్!). మా అబ్బాయి అరగంటలో అన్నీ చేశాడు. "స్త్రీ" తేటపడింది.

మెడనొప్పికి మాత్రం మందు దొరకలేదు. తెర పైఅంచు కంటికి సమంగానో, కాస్త దిగువనో వుండాలంటారు. మా టీవీ కిందిఅంచే నా కంటికి పైన! సరే, అదైనా ఓర్చుకునేదాన్నే.

నవల్లో ఒక ఘట్టం వుంది. పెళ్లయిన పదిహేనేళ్లకి ఒకావిడ భర్తకి ఉత్తరం రాస్తుంది. మూడు పంక్తులు కొట్టానో లేదో, వెనక సోఫాలోంచి మావారు "ఇది మన సంగతేనా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నేను ఆ పంక్తులు చెరిపేశాను. మర్నాడు ఇంకో రెండు చెరిపాను. ఈసారి ఎవరూ ఏమీ అనకుండానే. వారం తిరిగేసరికి ఆవిడ కోపమంతా పోయి, బొత్తిగా ఉత్తమ ఇల్లాలై కూర్చుంది.

తప్పు మావారిదని నేననను. టీవీ నలుగురూ చూడ్డానికి పుట్టిన వస్తువు. దాని మీద ఏది కనిపించినా ఇంటిల్లిపాదీ తమదే అనుకుంటారు. పెళ్లి ఫొటోలు చూడ్డానికీ, అందరం కూచుని రైలు టిక్కెట్లు కొనడానికీ అంతకన్నా సుఖం లేదు. తలుపున్న గదీ, వెడల్పాటి బల్లా వున్నవాళ్లు 43 అంగుళాల 4కె టీవీ పెట్టుకుంటే నాకేం అభ్యంతరం లేదు. అంగుళానికి 102 చుక్కలొస్తాయి, కాస్త వెనక్కి జరిగి రాసుకోవచ్చు. చిన్నప్పుడు నోటుబుక్కు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని రాసేవాళ్లం, గుర్తుందా? హాల్లో 55 అంగుళాలకి ఏ చెయ్యి అడ్డం పెట్టను?

చివరికి 24 అంగుళాల మానిటరు కొన్నాను, నా డబ్బుతోనే. పడగ్గదిలో నా వీపు గోడకి వుండేలా వేసుకున్నాను. ఉత్తరం మళ్లీ మొదటినుంచీ రాస్తున్నాను.

నిన్న కాఫీ ఇస్తుంటే మా అత్తగారు, మావారు లేకుండా చూసి, మెల్లిగా అడిగారు: "ఏమ్మా, ఆ పిల్ల ఉత్తరం ఇంతకీ పోస్టు చేసిందా, లేదా?"