ధనసాహాయ్యము – క్షేత్రపరిశోధనము: కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల దృష్ట్యా ఒక విమర్శ

సాంఘికశాస్త్రములలోని డాక్టరేటు సిద్ధాంతవ్యాసములను పరిశీలించువారు సాధారణముగా విషయమును, పద్ధతిని, నిర్ణయములను విమర్శింతురు. ఆ వ్యాసమునకు ధనమెచ్చటినుండి వచ్చినది, ఆ ధనము దేనికొరకు నియమింపబడినది అను ప్రశ్న మాత్రము విమర్శకు బాహ్యమైనదిగా భావింపబడుచున్నది. ఇది సమంజసము కాదు. ప్రబంధమును చదువునప్పుడు కృతిభర్త యెవరో, ఆయన అభిరుచి యెట్టిదో విచారించుట మనకు అలవాటే. సిద్ధాంతవ్యాసము విషయమున కృతిభర్త స్థానము ధనసాహాయ్యము చేయు సంస్థది. దాని నియమములు వ్యాసస్వరూపమును ఎంతవరకు నిర్ణయించుచున్నవో తెలిసికొనుట విమర్శకుని విధియే.

విశ్వవిద్యాలయ ధనసాహాయ్య సంఘము ఇచ్చు జూనియర్ రిసెర్చి ఫెలోషిప్ 2023 జనవరి 1 నుండి మాసమునకు 37,000 రూపాయలు. ఇది సంవత్సరమునకు 4,44,000 రూపాయలగును. సాంఘికశాస్త్ర పరిశోధకునకు కంటింజెన్సీ క్రింద లభించునది మొదటి రెండేండ్లలో సంవత్సరమునకు 10,000 రూపాయలు, తరువాత 20,500 రూపాయలు మాత్రమే. గ్రంథములు, టైపు, ప్రయాణములు అన్నియు ఇందులోనే జరుగవలెను. అనగా తొలి రెండేండ్లలో క్షేత్రమునకై ప్రత్యేకింపదగిన ధనము వేతనములో నలువదవ వంతైనను కాదు. ఈ వేతనమైనను అందరకు లభించునది కాదు. 2024 జూన్ నెట్ పరీక్షలో అన్ని విషయములలోను కలిపి ఈ ఫెలోషిప్పునకు అర్హులైనవారు 4,970 మంది. నెట్ లేనివారికి ఇచ్చు 8,000 రూపాయల మాసవేతనము కేంద్రీయ విశ్వవిద్యాలయములకే పరిమితము. 2006లో స్థాపితమై, డిచ్‌పల్లి కేంద్రముగాను, భిక్కనూరులో దక్షిణ ప్రాంగణముతోను నడచుచున్న తెలంగాణ విశ్వవిద్యాలయము రాష్ట్రప్రభుత్వమునది. కనుక కామారెడ్డికి మిక్కిలి చేరువలోనున్న విశ్వవిద్యాలయపు విద్యార్థికి ఈ అవకాశము లేదు. హైదరాబాదులోని కేంద్రీయ విశ్వవిద్యాలయ విద్యార్థికి కలదు. క్షేత్రమునకు దగ్గరగా నుండువాడే ధనమునకు దూరముగా నున్నాడు.

దీని ఫలితమేమి? అల్పధనముతో పనిచేయువాడు తక్కువ ఖర్చుతో చేరగల ఊరినే ఎన్నుకొనును. గ్రామీణ పరిశోధకులలోని ఈ దోషమును రాబర్ట్ ఛేంబర్స్ 1983లో తారురోడ్డు పక్షపాతముగా వివరించెను. 2016 అక్టోబరు 11న ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో దీనిని పరీక్షించి చూడవచ్చును. కామారెడ్డికి జాతీయరహదారియు, సికింద్రాబాదు–మన్మాడు రైలుమార్గమును కలవు. ఉదయము వచ్చి ప్రశ్నావళిని నింపుకొని సాయంకాలమునకు నగరము చేరవచ్చును. ఎల్లారెడ్డికి రైలు లేదు. దాని చుట్టునున్న అడవి అంచు పల్లెలకు, లంబాడీ తండాలకు పోవలెనన్న బస్సు వేళలను బట్టి నడువవలెను, రాత్రి అచ్చటనే నిలువవలెను. ఆ రాత్రికగు ఖర్చు ఏ పద్దులోను లేదు. ఇట్టి స్థితిలో జిల్లాను గూర్చిన నిర్ణయములు రహదారి ప్రక్కనున్న గ్రామములను గూర్చిన నిర్ణయములుగా పరిణమించు ప్రమాదము కలదు.

రెండవ నష్టము భాషకు సంబంధించినది. తెలుగుశాఖలవారు ప్రత్యేకముగా గమనింపవలసినదియు ఇదియే. నగరమున ఇంగ్లీషులో తయారై తెనిగింపబడిన ప్రశ్నావళిలో 'ఖరీఫ్', 'రబీ' అని యుండును. 1922 నాటి పోచారము ప్రాజెక్టు క్రిందను, 1931 నాటి నిజాంసాగరు క్రిందను వ్యవసాయము చేయు రైతు పలుకునది 'వానకాలము', 'యాసంగి'. రబీ అను మాట ఋతువును మాత్రమే చెప్పును. ఆయకట్టు రైతు యాసంగిని తలచునప్పుడు ప్రాజెక్టులో మిగిలిన నీటి లెక్కయు దానితోనే వచ్చును. అట్లే గల్ఫు దేశములకు వలసపోయినవారిని గూర్చిన ప్రశ్న 'చట్టబద్ధమా, కాదా' అని యుండును. పనికి కుదుర్చుకొన్న యజమానిని విడిచి, కాగితములు లేక వేరొకచోట పనిచేయువానిని వలసకార్మికులు 'ఖల్లివెల్లి' అందురు. అరబ్బీనుండి వచ్చిన ఈ ఒక్క మాటలో ఆ కార్మికుని భయమును, తెగింపును, వాని యింటివారి నిరీక్షణమును ఇమిడియున్నవి. 'కాదు' అను గడిలో గుర్తు పెట్టినంతమాత్రమున ఇవి పట్టువడవు. ఇట్టి మాట చెవిని బడవలెనన్న పరిశోధకుడు అచ్చట నెలల తరబడి యుండవలెను.

పూర్వము ఇట్టి పనికి సంస్థలు బాధ్యత వహించిన ఉదాహరణములు మనకు కలవు. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1951–52లో వివిధశాఖలవారిని శామీర్‌పేటకు పంపినది. ఆ కృషినుండి ఎస్.సి. దూబే గ్రంథము 'ఇండియన్ విలేజ్' 1955లో వెలువడినది. ఆ గ్రామము సైతము హైదరాబాదునకు చేరువదే అను మాట నిజము; కాని అచ్చటి పని ఒక్కని జేబుమీద ఆధారపడలేదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పూనికతో భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వెలువరించిన మాండలిక వృత్తిపదకోశపు ప్రథమసంపుటము వ్యవసాయపదములను రైతుల నోటినుండియే సేకరించినది. ఆ అకాడమీ 1983లో రద్దయినది. 1969లో ఏర్పడిన భారత సాంఘికశాస్త్ర పరిశోధన మండలి ఫెలోషిప్పులను ఇచ్చుచున్నను, వ్యక్తికి వేతనమిచ్చుటయే ప్రధానమైనది; క్షేత్రమునకు ధనమిచ్చుట గౌణమైనది.

ధనమున్నంత మాత్రమున మంచి పరిశోధన జరుగునా అని ఆక్షేపింపవచ్చును. జరుగదు. వేతనము తీసికొనియు క్షేత్రమును చూడనివారుందురు; వేతనము లేకయు శ్రమించువారుందురు. కాని రెండవవారి త్యాగమును ఆధారముగా చేసికొని నియమములను నిర్మించుట న్యాయము కాదు. 2022 నాటి నిబంధనల ప్రకారము పిహెచ్.డి.కి కనీసము మూడేండ్లు, గరిష్ఠముగా ఆరేండ్లు గడువు కలదు. కాలము చాలకపోలేదు, ఆ కాలమును ఊరిలో గడపుటకు ఆధారమే లేదు.

కావున రాష్ట్ర విశ్వవిద్యాలయములు వేతనముతో సంబంధము లేని క్షేత్రనిధిని ప్రత్యేకముగా ఏర్పరుపవలెను. నెట్ ఫలితమునుబట్టి గాక, ఎన్నుకొన్న ప్రాంతపు దూరమును, అచ్చట నుండవలసిన కాలమును బట్టి దానిని పంచవలెను. వానకాలము, యాసంగి రెండును అచ్చట గడపుట నియమము కావలెను. ప్రతి వ్యాసమునకు అనుబంధముగా స్థానిక పదసూచి యుండవలెను. దానిని పరీక్షించు బాధ్యతను తెలుగుశాఖలు స్వీకరింపవలెను. వ్యాసప్రతి యొకటి ఆ ప్రాంతపు గ్రంథాలయమునకు చేరవలెను. తమ్ము గూర్చి వ్రాసినదానిలో తమ మాటలున్నవో లేవో ఎల్లారెడ్డివారు చదివి చెప్పగలిగిననాడే ఆ వ్యాసమునకు నిజమైన పరీక్ష జరిగినట్లు.