వాసెన విప్పకుండానే

మా అమ్మమ్మ ఆవకాయ జాడీని ఎవరైనా ముట్టుకున్నారేమో చూడాలంటే మూత తీసేది కాదు. జాడీ మూతికి కట్టిన వాసెన ముడిని ఒక్క చూపు చూసేది. ముడి తను వేసినట్టే ఉంటే లోపల ఊటా ముక్కా తను పెట్టినట్టే ఉన్నాయని లెక్క. తేడా కనిపిస్తే అప్పుడు విప్పేది, ఆ తర్వాత పిల్లల్ని పిలిచేది. పది జాడీల తనిఖీ అర నిమిషంలో అయిపోయేది. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు రోజూ వాడే గిట్ లోపలి పనితనం గురించి చదివినప్పుడల్లా నాకు ఆ ముడే గుర్తొస్తుంది.

ఈ రంగంలో లేనివారికి ఒక ముక్క చెప్పాలి. ఒక ప్రోగ్రామును వందలమంది కలిసి రాస్తున్నప్పుడు ఎవరు, ఎప్పుడు, ఏ వరుస మార్చారో పద్దు రాసి ఉంచే పరికరం గిట్. ఏ రోజు పద్దుకైనా వెనక్కి వెళ్లొచ్చు. ఒక్కో పద్దును కమిట్ అంటారు, మొత్తం ఖాతాను రిపో అంటారు.

ఇది పుట్టిందే వేగం కోసం. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండె లాంటి కెర్నల్‌ను రాసే బృందం అంతకుముందు బిట్‌కీపర్ అనే వాణిజ్య పరికరాన్ని ఉచితంగా వాడుకునేది. 2005లో ఆ ఉచితం ఆగిపోయింది. ఆ బృందానికి పెద్ద లినస్ టోర్వాల్డ్స్ వేసుకున్న లెక్క చాలా మామూలుది. ఒక ప్యాచ్‌ను, అంటే ఎవరో పంపిన మార్పును, అతికించి పద్దు రాయడానికి అర నిమిషం పడితే, ఒక్కసారిగా 250 ప్యాచ్‌లు వచ్చిన రోజున రెండు గంటలు దానికే పోతాయి. మధ్యలో ఒకటి అతకకపోతే ఆ రోజుకి ఇంక అంతే. ప్యాచ్‌కి మూడు సెకన్లు దాటకూడదని గిరి గీసుకుని ఏప్రిల్ మొదట్లో పని మొదలుపెట్టారు. 7వ తేదీకల్లా గిట్ తన కోడును తానే దాచుకుంది. 29న కొలిచి చూస్తే సెకనుకి 6.7 ప్యాచ్‌లు! జూలైలో బాధ్యతను జునియో హమానోకి అప్పగించారు.

ఆ వేగం పని చేసే పద్ధతినే మార్చేసింది, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది అదే. అసలు కోడును కదపకుండా మార్పులు చేసుకునే పక్కదారిని బ్రాంచ్ అంటారు. గిట్‌లో అది 41 బైట్ల చిన్న ఫైలు: 40 అక్షరాల కమిట్ గుర్తు, చివర ఒక కొత్త వరుస గుర్తు. అంత చవక కాబట్టే గంట పనికి కూడా ఒక బ్రాంచ్ తీసి, నచ్చకపోతే పారేస్తాం. అదే పనికి పది నిమిషాలు పట్టేదైతే ఎవరూ ప్రయోగం చేయరు. ఉన్నదాంతోనే సర్దుకుంటారు.

ఇక వాసెన ముడి సంగతి. ఏ ఫైళ్లు మారాయో అడిగే ఆదేశం గిట్ స్టేటస్. దీనికోసం గిట్ ఫైళ్లు తెరిచి చదవదు. ఇండెక్స్ అనే తన పట్టీలో ప్రతి ఫైలుకీ సైజు, చివరిసారి మారిన సమయం వంటివి ముందే రాసి పెట్టుకుంటుంది. ఇప్పుడు డిస్కు మీదున్న వివరాలు వాటితో సరిపోతే ఫైలు మారలేదని తీర్మానిస్తుంది. అయితే ఇందులో ఒక చిక్కుంది. పట్టీ రాసిన క్షణంలోనే ఎవరైనా ఫైలు మార్చి, సైజు కూడా అంతే ఉంటే? ముడి కడుతుండగానే ఎవరో చెయ్యి పెట్టినట్టన్నమాట. అందుకని పట్టీ రాసిన సమయానికీ ఫైలు మారిన సమయానికీ ఎడం లేని ఫైళ్లను గిట్ నమ్మదు. వాటిని మాత్రం తెరిచి చూస్తుంది. ఎక్కడ నమ్మాలో, ఎక్కడ నమ్మకూడదో ఇంత కచ్చితంగా విడదీసుకోవడం ఈ పనితనంలో నాకు బాగా నచ్చే సంగతి.

పది జాడీలకు సరిపోయిన పద్ధతి ముప్ఫై అయిదు లక్షల జాడీలకు సరిపోదు. 2017లో మైక్రోసాఫ్ట్ తన విండోస్ కోడునంతా గిట్‌లోకి తెచ్చింది. 35 లక్షల ఫైళ్లు, సుమారు 300 గిగాబైట్లు, 4,000 మంది ఇంజనీర్లు. మామూలు గిట్‌తో రిపో నకలు దించుకోవడానికి, అంటే క్లోన్ చేయడానికి, 12 గంటల పైన పట్టేది. స్టేటస్‌కి 10 నిమిషాలు. ముడి చూడటం తేలికే, కానీ ముడులన్నీ చూడాలి కదా! అప్పుడు వాళ్లు ఒక మాయాఫైళ్ల వ్యవస్థ కట్టారు. ఫోల్డర్లో ఫైళ్లన్నీ ఉన్నట్టే కనిపిస్తాయి, తెరిచినప్పుడే సర్వర్ నుంచి దిగుతాయి. స్టేటస్ నాలుగైదు సెకన్లకు వచ్చింది. కొన్నేళ్లకు వాళ్లే ఆ మాయను చాలావరకు పక్కన పెట్టి, అందులో పనికొచ్చిన ఆలోచనలను అసలు గిట్‌లోకే చేర్చే దారి పట్టారు. ఆ దారిలో తయారైన స్కేలార్ అనే పరికరం 2022లో గిట్ 2.38తో పాటే వచ్చింది.

అలా చేరినవాటిలో ఒకటి చూడటానికి చిన్నది. ప్రతి ఫైలునూ నువ్వు మారావా అని అడిగే బదులు, మార్పు జరిగినప్పుడల్లా చెప్పమని ఆపరేటింగ్ సిస్టమ్‌కే అప్పగిస్తారు. ఫేస్‌బుక్ వాళ్ల వాచ్‌మన్ ఇదే పని చేసేది. వాళ్లు 2014 నాటికి మెర్క్యూరియల్ అనే మరో పరికరాన్ని ఎంచుకుని దాన్నే ఈ దారిలో సానబెట్టుకున్నారు. గిట్ మొదట వాచ్‌మన్‌తో మాట్లాడటం నేర్చుకుంది, 2022లో విండోస్, మ్యాక్‌ల మీద సొంత కాపలాదారునే పెట్టుకుంది. మరొకటి స్పార్స్ చెకౌట్. మీ పని రెండు ఫోల్డర్లలోనే అయితే మిగతావి డిస్కు మీదకే రావు. ఇంకొకటి పార్షియల్ క్లోన్: చరిత్ర అంతా దిగుతుంది, పాత ఫైళ్ల లోపలి సరుకు మాత్రం అడిగినప్పుడే దిగుతుంది. దీన్ని మెచ్చుకుంటూనే ఒక గొణుగుడు: ఇంటి నెట్ మీద ఇలాంటి క్లోన్‌లో ఏ వరుస ఎవరు రాశారో చూపించే గిట్ బ్లేమ్ నడిపితే, పాత సరుకంతా అప్పటికప్పుడు దిగడం మొదలై చాయ్ చల్లారిపోతుంది.

చరిత్రలో వెతుకులాట మరో కథ. ఈ కమిట్ ఆ కమిట్‌కి పూర్వీకురాలేనా అన్న ప్రశ్న గిట్‌లో రోజూ వందసార్లు వస్తుంది. పాత పద్ధతిలో ఒక్కో కమిట్‌నూ విప్పి, తల్లిని కనుక్కుని, ఆ తల్లినీ విప్పి, అలా పైకెక్కాలి. 2018లో గిట్ 2.18తో వచ్చిన కమిట్ గ్రాఫ్, కమిట్ల బంధుత్వాలన్నీ ఒకే పట్టికలో రాసిపెట్టింది. అప్పట్లో మైక్రోసాఫ్ట్‌లో పనిచేసిన డెరిక్ స్టోలీ ఇందులో ముందున్నారు. దానికి తోడుగా ప్రతి కమిట్‌కీ ఒక తరం సంఖ్య ఇచ్చారు. మొట్టమొదటి కమిట్‌ది ఒకటో తరం. తర్వాతి ప్రతి కమిట్‌కీ, దాని తల్లులందరిలో పెద్ద సంఖ్యకు ఒకటి కలుపుతారు. ఇంక వంశవృక్షం ఎక్కే పనే తగ్గిపోయింది. ఏడో తరం వాడు నాలుగో తరం వాడికి తాత కాలేడని చెప్పడానికి ఊరంతా తిరగాలా?

2020లో దీనికి బ్లూమ్ ఫిల్టర్లు జతపడ్డాయి. ప్రతి కమిట్‌కీ కొన్ని బిట్ల గుర్తు ఉంటుంది. ఈ కమిట్ ఫలానా ఫైలును తాకిందా అని అడిగితే అది 'లేదు' అనో, 'తాకి ఉండొచ్చు' అనో చెబుతుంది. లేదంటే నిజంగానే లేదు. ఉండొచ్చంటే వెళ్లి చూడాలి. ఒక ఫైలు చరిత్ర తీస్తున్నప్పుడు వేల కమిట్లలో ఎక్కువ భాగం 'లేదు' దగ్గరే పక్కకు తప్పుకుంటాయి.

ఇద్దరి మార్పులను కలిపే మెర్జ్‌లో ఎలైజా న్యూరెన్ చేసిన పని దీనికి తీసిపోదు. పాత పద్ధతిలో పేరు మారిన ఫైళ్లను కనిపెట్టడానికి, పోయిన ప్రతి ఫైలునూ కొత్తగా వచ్చిన ప్రతి ఫైలుతో పోల్చేవారు. ఆయన పరీక్ష కోసం కెర్నల్‌లోని డ్రైవర్స్ ఫోల్డర్‌ పేరును పైలట్స్ అని మార్చారు. దెబ్బకు 26 వేల ఫైళ్లకు పేర్లు మారాయి. దాని మీద 35 కమిట్లను ఒక్కొక్కటిగా తిరిగి అతికించడానికి, అంటే రీబేస్ చేయడానికి, గంటన్నర పైన పట్టేది. కొత్త పద్ధతిలో సెకనులోపే అయిపోయింది. కిటుకంతా చేయనక్కర్లేని పోలికలను ముందే పట్టుకోవడంలో ఉంది. ఒక ఫైలు పేరు మార్పు తెలిసినా తెలియకపోయినా ఫలితం అదే అయితే, పోల్చడమెందుకు? మొదటి కమిట్‌కి కనిపెట్టిన పేర్లను రెండో కమిట్‌కి మళ్లీ కనిపెట్టడమెందుకు? 2021లో గిట్ 2.34 నుంచి మెర్జ్‌కి ఇదే మామూలు పద్ధతి.

వేగాన్ని కావాలని వదులుకున్న రోజూ ఒకటుంది. గిట్ మామూలుగా ప్రతి వస్తువునూ షా-1 అనే హ్యాష్‌తో, అంటే లోపలి సరుకు నుంచి లెక్కగట్టిన వేలిముద్ర లాంటి గుర్తుతో, పోల్చుకుంటుంది. రెండు వేర్వేరు ఫైళ్లకు ఒకే షా-1 వచ్చేలా చేయొచ్చని 2017 ఫిబ్రవరిలో రుజువు చేశారు. కొద్ది నెలల్లోనే గిట్ 2.13, అలాంటి మోసాన్ని పసిగట్టే షా-1 కోడుకు మారింది. అది నెమ్మదైనది. అయినా దాన్నే మామూలు పద్ధతిగా పెట్టుకున్నారు.

కొలిచి చూడకపోతే ఏమవుతుందో మా ఆఫీసులోనే చూశాను. ఒకప్పుడు అక్కడ స్టేటస్ అర నిమిషం తీసుకునేది. రిపో పెద్దదని అందరం సర్దిచెప్పుకున్నాం. ఏ పనికి ఎంతసేపు పడుతోందో చూపే గిట్ ట్రేస్ వేసి ఎవరో కొలిచేదాకా అసలు సంగతి తెలియలేదు. పరీక్షలు నడిచినప్పుడల్లా ఒక ఫోల్డర్లో వేల లాగ్ ఫైళ్లు పోగవుతున్నాయి, గిట్ వాటన్నిటినీ కొత్త ఫైళ్లేమోనని చూసుకుంటూ పోతోంది. ఆ ఫోల్డర్‌ను పట్టించుకోవద్దని ఇగ్నోర్ ఫైలులో ఒక్క వరుస రాస్తే సరిపోయింది.

ఇంతకన్నా పెద్ద కొలత మరొకటుంది. గిట్ పాత ఫైళ్లను ప్యాక్ చేసేటప్పుడు, ఒకదాన్ని పూర్తిగా దాచి, దాన్ని పోలినవాటికి తేడాలు మాత్రమే రాస్తుంది. ఏవి పోలి ఉంటాయో ఎలా తెలుస్తుంది? పేరును బట్టి వరుసలో పేర్చి, మామూలుగా పక్కనున్న పదింటితోనే పోల్చి చూస్తుంది. ఆ పేర్పులో చూసేది, ఫోల్డర్లతో కలిపి రాసిన దారి పేరులోని చివరి 16 అక్షరాలనే. ఒక ఫైలు వేరే ఫోల్డర్లోకి మారినా తన పాత రూపం పక్కనే నిలబడాలన్నది అందులోని తెలివి. మైక్రోసాఫ్ట్‌లోని ఒక జావాస్క్రిప్ట్ రిపోలో మాత్రం అది ఎదురు తిరిగింది. ప్రతి ప్యాకేజీలో ఒక చేంజ్‌లాగ్ ఫైలు ఉంది. ఇంగ్లిషులో ఆ పేరూ, చివరి ఎండీ అనే తోకా, ముందున్న గీతా కలిపితేనే 13 అక్షరాలు. ఇక ప్యాకేజీ పేరుకు మిగిలినవి మూడే. తోక జేసన్ అయితే ఒక్కటే. దాంతో ఒకదానికొకటి సంబంధం లేని ఫైళ్లు పక్కపక్కన చేరి, పోలికే లేనివాటితో పోలిక వెతుక్కున్నాయి. రిపో 178 గిగాబైట్లకు ఉబ్బింది. పేర్చే పద్ధతి మార్చి తిరిగి ప్యాక్ చేస్తే 5 గిగాబైట్లకు దిగింది.

దారి పేరంతా లెక్కలోకి తీసుకునే కొత్త పేర్పు 2025 మార్చిలో గిట్ 2.49లో వచ్చింది. అయినా మనంతట మనం అడిగితేనే అది పని చేస్తుంది. ఫోల్డర్లు మారే ఫైళ్ల విషయంలో పాత 16 అక్షరాలే ఇప్పటికీ మేలు కాబట్టి, వాటిని తీసేయలేదు.