పదిహేను ఫ్రేములు చాలు

కొత్త కెమెరా బిగించి తెర చూపించగానే షాపు ఓనర్లు అడిగే మాట ఒకటే. ‘ఎనిమిది మెగాపిక్సెల్ అని ఇంత డబ్బు పెట్టించావు కదన్నా, బొమ్మ ఇలా తడబడుతుందేంటి? పాత రెండు మెగాపిక్సెల్‌దే నయం.’ అడగాల్సిన ప్రశ్నే. పాతది సెకనుకు 25 ఫ్రేములు ఇచ్చేది. కొత్తవాటిలో చాలా మోడళ్లు పూర్తి రిజల్యూషన్‌లో 15, 20 దగ్గరే ఆగిపోతాయి. అది నాసిరకం సరుకని అర్థం కాదు.

పాత ఫుల్ హెచ్‌డీ ఫ్రేములో సుమారు 20 లక్షల చుక్కలుంటే, కొత్త ఎనిమిది మెగాపిక్సెల్ (4కే) ఫ్రేములో 83 లక్షలు. సెకనుకు 30 ఫ్రేములంటే దాదాపు 25 కోట్ల చుక్కలు. సెన్సార్ వాటిని వరస తర్వాత వరసగా చదువుతుంది. బంతిలో విస్తళ్లు పెరిగితే వడ్డన చివరిదాకా చేరడానికి ఎక్కువసేపు పట్టినట్టే ఇక్కడా. ఆపైన కెమెరాలోని చిప్ రంగులు సరిచేయాలి, నాయిస్ తగ్గించాలి, హెచ్.265లోకి కుదించాలి. సెకనుకు ఇన్ని చుక్కలని దానికో హద్దుంటుంది. అదే కెమెరాను 4 మెగాపిక్సెల్‌కి దించితే చాలాసార్లు 25 ఫ్రేములు వచ్చేది అందుకే.

ఫోన్ 4కేలో 60 ఫ్రేములు తీస్తోంది కదా అంటారు. తీస్తుంది, కాసేపు. ఆలోపే చేతిలో వేడెక్కుతుంది. మన కెమెరా మే నెల ఎండలో, గాలి చొరబడని డోమ్‌లో, రాత్రీ పగలూ నడవాలి. డేటాతో పాటు కరెంటూ మోసే మామూలు పీవోఈ తీగ మీద దానికి అందేది 13 వాట్ల లోపే, రాత్రి ఇన్‌ఫ్రారెడ్ దీపాలూ అందులోంచే వెలగాలి. సెన్సార్ వేడెక్కితే బొమ్మలో నాయిస్ పెరుగుతుంది. నాయిస్ ఉన్న బొమ్మ సరిగ్గా కుదించుకోదు, హార్డ్‌డిస్క్ త్వరగా నిండుతుంది.

హార్డ్‌డిస్క్ లెక్క తేలిగ్గా తీసుకునేది కాదు. 8 ఎంబీపీఎస్ మీద నడిచే ఒక్క కెమెరా రోజుకు 86 జీబీ తింటుంది. జనం గుమిగూడే చోట్ల ఫుటేజీని 30 రోజులు దాచాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం చెబుతుంది. అంటే కెమెరాకు 2.6 టీబీ. ఎనిమిది కెమెరాలున్న షాపుకి ఎంతవుతుందో లెక్కేసుకోండి.

అసలు ఫ్రేములు పెంచితే ముఖం స్పష్టంగా వస్తుందన్న నమ్మకమే తప్పు. నడిచే మనిషి సెకనుకు 1.4 మీటర్లు కదులుతాడు. 15 ఫ్రేముల్లో ఒకదానికీ మరోదానికీ మధ్య జరిగేది తొమ్మిది సెంటీమీటర్లే, ఏమీ తప్పిపోదు. బొమ్మను అలికేసేది షట్టర్. గంటకు 40 కిలోమీటర్లతో పోయే బండి, షట్టర్ 1/25 సెకను తెరిచి ఉంటే, ఆ ఒక్క ఫ్రేములోనే 44 సెంటీమీటర్లు జరుగుతుంది. నంబరు గీతల్లా సాగిపోతుంది. 1/500కి తగ్గిస్తే జరిగేది రెండు సెంటీమీటర్లే. దొంగతనం తర్వాత ఫుటేజీ తీస్తే కదలిక సాఫీగా ఉండి, ఏ ఒక్క ఫ్రేములోనూ ముఖం ఆనవాలు దొరకని సందర్భాలు చూశాను. ఆ ఓనరు ముఖం చూడలేం. పోలీసులకు కావాల్సింది సాఫీగా నడిచే వీడియో కాదు, ఆపి చూస్తే మనిషిని గుర్తుపట్టగలిగే ఒక్క ఫ్రేము.

రాత్రయితే చిక్కు ముదురుతుంది. అదే సైజు సెన్సార్‌లో 83 లక్షల చుక్కలు ఇరికిస్తే ఒక్కోదానికి అందే వెలుతురు తక్కువ. ఆటోలో వదిలేస్తే కెమెరా షట్టర్‌ని 1/12 దాకా సాగదీస్తుంది, ఫ్రేములూ పన్నెండుకి పడిపోతాయి. అందుకే ఆటో మీద వదలను. షట్టర్‌కి హద్దు పెట్టి, మిగిలిన డబ్బు దీపాలకు ఖర్చు పెట్టమంటాను.

అపార్ట్‌మెంట్ గేటు దగ్గరైతే రెండు కెమెరాలు పెడతాను. మొత్తం ఆవరణకు 4కే, 15 ఫ్రేములతో. బండ్ల నంబరు ప్లేట్ల కోసం వేరే రెండు మెగాపిక్సెల్‌ది, 1/500 షట్టర్‌తో. రాత్రి ఈ రెండోదాని తెర దాదాపు నల్లగా ఉంటుంది, వెలుతురును వెనక్కి కొట్టే హై సెక్యూరిటీ ప్లేటు మాత్రం చదవగలిగేలా కనిపిస్తుంది. చెడిపోయిందనుకుని సెట్టింగు మార్చొద్దని వాచ్‌మన్‌కి దగ్గరుండి చూపించాకే అక్కడి నుంచి కదులుతాను.