రోస్టర్ రాసే చేయి

కనగానపల్లిలో అర్ధరాత్రి కాన్పు నొప్పులు మొదలైతే 108 బండి ధర్మవరం దారి పడుతుంది. పరిస్థితి చెయ్యి దాటేలా ఉంటే అనంతపురం పెద్దాసుపత్రికే. ఎక్కడికి చేరినా ఆ వేళ లేబర్ రూములో సిస్టరమ్మ ఉండాలి. ఉండేలా చూసేది హెడ్ నర్సు, ఆమె పైన నర్సింగ్ సూపరింటెండెంటు. బిడ్డను ఎత్తుకుని ఇంటికెళ్లేవాళ్లకు వీళ్ల ముఖం కూడా తెలియదు.

వీళ్ల చేతిలో ఉండేది సూది కాదు, డ్యూటీ రోస్టర్.

అదో కఠినమైన లెక్క. రోజుకు మూడు షిఫ్టులు: పొద్దున 8 నుంచి 2, అక్కణ్నుంచి రాత్రి 8, ఆపైన తెల్లారి 8 దాకా నైటు. ఒక నర్సు ఎప్పుడూ ఉండాల్సిన చోట వారానికి 21 షిఫ్టులు నింపాలి. మనిషికి ఆరు చొప్పున నలుగురుంటే 24 వస్తాయి. మిగిలే ఆ మూడింటిలోనే జ్వరాలు, పెళ్లిళ్లు, శిక్షణలు అన్నీ సర్దాలి. నలుగురిలో ఒకరు 180 రోజుల ప్రసూతి సెలవు మీద వెళ్తే చేతిలో ఉండేవి 18. వారానికి మూడు గళ్లు ఖాళీ. ఆర్నెల్లలో దాదాపు 77.

ఆ గళ్లలో ఎవరి పేరు రాయాలి? రాత్రంతా నిలబడి ఇంటికెళ్లిన పిల్లకు ఫోన్ చేసి మళ్లీ రమ్మనాలి, లేదా తన పేరే రాసుకోవాలి. పోస్టు మంజూరు చేసే అధికారం హెడ్ నర్సుకు లేదు. వార్డులో మనిషి లేకపోతే సంజాయిషీ మాత్రం ఆమే ఇవ్వాలి. ఇండెంట్లు, స్టాక్ రిజిస్టర్లు, ఆన్‌లైన్ నమోదులు వీటికి అదనం.

ఇది ఈనాటి కష్టం కాదు. 1854 నవంబరులో 38 మంది నర్సులతో స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరిన ఫ్లోరెన్స్ నైటింగేల్ చేతి దీపం గురించి పిల్లలు పాఠాల్లో చదువుకుంటారు. బట్టల కోసం, తిండి కోసం, శుభ్రత కోసం అధికారులతో పోరాడింది కూడా ఆమే. 1855 మేలో జ్వరంతో చావు అంచు దాకా వెళ్లింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు మంచం మీద నుంచే పనిచేసింది.

రోస్టర్ మోసేవాళ్లను ఇలా అలసట కమ్మేస్తే దానికి ఇప్పుడు బర్నౌట్ అని పేరుంది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని నిర్వచించింది. సత్తువ ఉడిగిపోవడం, పని మీద మనసు విరగడం, ఏం చేసినా చేసినట్టు అనిపించకపోవడం దాని లక్షణాలు. దాన్ని జబ్బుల్లో చేర్చలేదు. చక్కదిద్దకుండా వదిలేసిన పనిచోటి ఒత్తిడి ఫలితమని చెప్పింది. అలాంటప్పుడు అలిసిపోయిన సిస్టరుకు ధైర్యం తక్కువైందనడం అన్యాయం. సెలవుల కోసం 30 శాతం మందిని అదనంగా లెక్కలోకి తీసుకోవాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాలే చెబుతున్నాయి. ఆ 77 గళ్లకు మందు అదే.

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ఆసుపత్రుల అభివృద్ధి కమిటీల్లో కూర్చునే పెద్దలు వచ్చే సమావేశానికి ఈ నెల రోస్టర్ తెప్పించుకోవాలి. సెలవు మీద ఉన్నవాళ్ల బదులు ఎవరెవరు చేశారో, హెడ్ నర్సు తన వారాంతపు సెలవు ఎన్నిసార్లు వదులుకుందో వేలు పెట్టి లెక్కించాలి. ఆ సంఖ్యను సమావేశం మినిట్స్‌లో రాయించాలి.