టాపెట్ చప్పుడు

బండి గంగూరు దాటాక ఆగేది. మొదటిసారి పెట్రోలు అయిపోయిందేమో అనుకున్నాను. మూత తీసి బండిని అటూ ఇటూ ఊపితే లోపల గలగలమంది. రోడ్డు పక్క తుమ్మచెట్టు నీడలో పావుగంట నిలబడి మళ్లీ కిక్ కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. తర్వాతి ఆదివారం కూడా దాదాపు అక్కడే ఆగింది, ఈడుపుగల్లు ఇంకా రాకముందే. మూడో ఆదివారం అక్కడికి చేరకముందే చెయ్యి దానంతటదే యాక్సిలరేటర్‌ను గట్టిగా పట్టుకోవడం గమనించాను. పెనమలూరు నుంచే గుండె బండిని వింటోంది.

ఉయ్యూరులో అమ్మ ఒక్కతే ఉంటుంది. వారానికోసారి మందులు, సరుకులు పట్టుకెళ్లి ఇవ్వాలి. బెజవాడ నుంచి బస్సులకు లోటేమీ లేదు కానీ, సంచులతో దిగి ఇంటిదాకా నడవడం నాకూ కష్టమే, నేను దిగేదాకా వాకిట్లో నిలబడి చూడటం అమ్మకూ కష్టమే. అందుకని సంక్రాంతి వెళ్లాక ఒక సెకండ్ హ్యాండ్ బండి కొన్నాను. 100 సీసీ, 2012లో రిజిస్టరైంది, 15 ఏళ్ల గడువు ఇంకా మిగిలి ఉంది, ఒక్క చెయ్యే వాడింది, 28 వేలు.

కొనేటప్పుడు నన్ను పట్టేసింది దాని నిశ్శబ్దం. అమ్మిన మనిషి స్టార్ట్ చేసి, చేతులు హ్యాండిల్ మీంచి తీసేసి, "వినండి సార్, ఎక్కడైనా చప్పుడుందేమో" అన్నాడు. వంగి విన్నాను. అమ్మ కుట్టుమిషన్ కన్నా మెత్తగా తిరుగుతోంది. ఆ మెత్తదనం చూసి ఇంకో రెండు వేలు తగ్గించమని అడగబోయినవాణ్ని ఆగిపోయాను. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలయ్యాయి, ఆర్‌సీ నా పేరు మీదికి వచ్చింది. కాగితాల దగ్గర ఏ చిక్కూ రాలేదు.

ముందు బయటపడింది కార్బొరేటర్ రోగం. అమ్మకానికి పెట్టి మూడు నెలలు కదలకుండా నిలబెట్టారట ఆ బండిని. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. పైగా నిలబడిపోయిన బండిలో, కార్బొరేటర్ గిన్నెలోని పెట్రోలు మెల్లగా ఆవిరైపోయి అడుగున జిగురు మిగులుతుంది. మా వీధి చివర మెకానిక్ గిన్నె విప్పి చూపించాడు. ఎండిన ఆముదంలా పసుపుపచ్చని జిడ్డు. పెట్రోలు సన్నగా పోయే స్లో జెట్‌ను ఊడదీసి వెలుతురుకు పట్టి చూడమన్నాడు. ఏమీ కనిపించడం లేదన్నాను. "అదే రోగం" అని, రాగి వైరులోంచి ఒక్క పోగు లాగి దానిలో దూర్చి, గాలి కొట్టి మళ్లీ నా చేతికిచ్చాడు. ఈసారి సూది మొనంత వెలుగు చుక్క. బండికి నిలబెట్టినప్పుడు ఆగిపోయే జబ్బు కూడా ఒకటుండేది, అది ఆ రోజుతో పోయింది. అతని పనిలో తప్పేమీ లేదు. అతను చూసిన రోగం నిజమైనదే. దాని కింద ఇంకొకటి ఉందని మాత్రం మా ఇద్దరికీ తెలియలేదు.

గంగూరు దగ్గర ఆగడం ఆగలేదు. రెండో షెడ్డులో ప్లగ్గు మార్చారు, ఆ తర్వాత దానికి కరెంటు పంపే సీడీఐ మార్చారు, ఆపైన కాయిల్ మార్చారు. 2,600 రూపాయలు అయ్యాయి. ఒక్కో సామాను మార్చినప్పుడల్లా షెడ్డు ముందు బండి బ్రహ్మాండంగా తిరిగేది. చల్లగా ఉన్న బండి ఎవరి ముందైనా అలాగే తిరుగుతుంది.

మూడోచోటు ఆటోనగర్‌లో లేత్ పని చేసే ఒకాయన చెబితే తెలిసింది. పటమటలో ఒక సందులో, రేకుల కింద, అరవై దాటిన మేస్త్రి. బండి స్టాండు వేయగానే స్పానర్ అందుకుంటాడనుకున్నాను. ఆయన స్టూలు నా వైపు జరిపి ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"ఆగేటప్పుడు ఠక్కున ఆగుద్దా, ముక్కీ మూలిగీ ఆగుద్దా?"

ముక్కుతుందన్నాను.

"ముక్కేటప్పుడు టప్ టప్‌మని కొట్టుకుంటదా, లాగుడు తగ్గిపోద్దా?"

ఆలోచించాల్సి వచ్చింది. ఇన్ని వారాలుగా దాని మీద కూర్చున్నవాణ్ని, ఆ తేడా ఎప్పుడూ గమనించలేదు. కళ్లు మూసుకుని ఈడుపుగల్లు రోడ్డును గుర్తు చేసుకున్నాను. లాగుడే తగ్గుతుంది. ఎవరో వెనక నుంచి సీటు పట్టుకుని ఆపుతున్నట్టు.

కరెంటు పోతే ఠక్కున ఆగుతుందట. పెట్రోలు అందకపోతే కొట్టుకుని కొట్టుకుని ఆగుతుందట. బలం కరిగిపోయినట్టు ఆగితే చూడాల్సింది ఇంజన్ లోపల అట. అయినా ఆయన తన మాటనే నమ్మేయలేదు. ముందు ట్యాంకు మూత తీసి నోటితో ఊది చూశాడు. మూతకు ఒక చిన్న గాలి రంధ్రం ఉంటుంది, అది మూసుకుపోతే ట్యాంకులోకి గాలి చేరదు, కొన్ని కిలోమీటర్లు పోయాక పెట్రోలు దిగడం మానేస్తుంది. మూత బాగానే ఉంది. ప్లగ్గు విప్పి చూశాడు. మొన బిస్కెట్ రంగులో ఉండాల్సింది తెల్లగా పాలిపోయి ఉంది. ఏమీ అనలేదు. నన్ను వెనక కూర్చోబెట్టుకుని పెనమలూరు దాకా బండి తోలాడు.

తిరుగుదారిలో, పోరంకి దగ్గర, లాగుడు తగ్గింది. ఆయన వెంటనే పక్కకు తీసి ఆపి, కిక్ రాడ్డును కాలితో కాక అరచేత్తో మెల్లగా కిందికి నొక్కాడు. ఇంజన్ బాగుంటే ఒకచోట చెయ్యి ఆగాలి, లోపల నొక్కుకుపోయిన గాలి ఎదురు తన్నాలి. కిక్ బావిలో చేద జారినట్టు కిందికి జారిపోయింది. "మీరు నొక్కండి, నెమ్మదిగా" అని ఆయన రోడ్డు పక్క మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని, సైలెన్సర్ నోటికి చెవి దగ్గరగా పెట్టాడు. కాలుతుందేమోనని నేను ఆగితే చేత్తోనే కానివ్వమని సైగ చేశాడు. నొక్కాను. తల ఊపి లేచి, నన్ను వినమన్నాడు.

సైలెన్సర్‌లోంచి సన్నగా ఫుస్సుమని గాలి వస్తోంది.

ఆ గాలి కార్బొరేటర్ వైపు వినిపిస్తే ఇన్లెట్ వాల్వు, ఆయిల్ మూత దగ్గర వినిపిస్తే పిస్టన్ రింగులు, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు మూసుకోవడం లేదన్నమాట. అక్కడ పనిముట్టు ఏదీ వాడలేదాయన. ఒక చెవి, ఒక అరచెయ్యి. 2,600 రూపాయల సామానుకు దొరకనిది పది నిమిషాల్లో దొరికింది.

"టాపెట్లు ఎవరో బిగించేశారు" అన్నాడు. "చప్పుడు రాకుండా."

ఇది అర్థం కావడానికి నాకు ఆ సాయంత్రమంతా పట్టింది. మన బండ్ల ఇంజన్ పని చేసే వరస 1876లో జర్మనీలో నికోలస్ ఒట్టో నడిపించి చూపిన నాలుగు స్ట్రోకుల వరసే: పీల్చడం, నొక్కడం, పేలడం, వదలడం. పీల్చడానికొక వాల్వు, వదలడానికొక వాల్వు. ఇంజన్ నిమిషానికి 5,000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు సెకనుకు 40 సార్లకు పైగా తెరుచుకుని మూసుకుంటుంది. ఎగ్జాస్ట్ వాల్వు మీది వేడి 600 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి దాని కాడ సాగుతుంది. సాగడానికి చోటుండాలని, వాల్వు కాడకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య కొంచెం సందు వదులుతారు. ఆ సందును సరిచేసే మరనే టాపెట్ అంటారు. నా బండికి ఆ సందు 0.08 మిల్లీమీటర్లు. మీరు ఇప్పుడు చదువుతున్న పత్రిక కాగితం మందం కాస్త అటూ ఇటూగా అంతే.

ఇంజన్ తిరిగేటప్పుడు ఆ కాగితమంత సందులో రాకర్ వాల్వును తాకుతూ వదులుతూ ఉంటే వచ్చేదే టిక్కు టిక్కుమనే టాపెట్ చప్పుడు. సందు ఎక్కువైతే చప్పుడు పెరుగుతుంది. సందే లేకుండా బిగిస్తే చప్పుడే ఉండదు. కొనడానికి వచ్చినవాడికి ఇంజన్ కొత్తదానిలా వినిపిస్తుంది. దానికి తోడు మందం ఆయిల్ పోస్తే ఇంకా మెత్తగా ఉంటుంది. నేను వంగి విని మురిసిపోయింది సరిగ్గా దీన్నే.

నన్ను బాగా కదిలించింది ఇంకొకటి. వాల్వుకు చల్లబడే దారి ప్రధానంగా ఒక్కటే. మూసుకున్న క్షణంలో అది తన సీటు మీద గట్టిగా కూర్చుని, వేడిని సీటు ద్వారా హెడ్డుకు దింపుకోవాలి. సెకనులో 40 సార్లు లేచే వాల్వు, ఆ 40 సార్లూ కూర్చోగలిగితేనే బతుకుతుంది. సందు లేకపోతే వేడికి సాగిన కాడ దాన్ని పూర్తిగా కూర్చోనివ్వదు. కూర్చోని వాల్వు చల్లబడదు, చల్లబడనిది ఇంకా సాగుతుంది, నిప్పులాంటి పొగ సీటు దగ్గర మిగిలిన సన్నని ఖాళీలోంచి దూసుకుపోతూ అంచును కాలుస్తుంది. గంగూరు దాకా వెళ్లేసరికి నా బండిలో జరుగుతున్నది ఇది. తుమ్మచెట్టు కింద పావుగంట నిలబెట్టినప్పుడు ఆ వాల్వు కాడ మళ్లీ కుదించుకుని, సీటు మీద కూర్చుని, నాకోసం ఇంకొన్ని కిలోమీటర్లకు సిద్ధమయ్యేది. అలా దాన్ని ఎన్ని ఆదివారాలు తరిమానో తలుచుకుంటే బాధగా ఉంటుంది.

"బండి రాత్రికి ఇక్కడే పడుకోవాలి" అన్నాడు మేస్త్రి. టాపెట్ సెట్టింగ్ చల్లటి ఇంజన్ మీదే చెయ్యాలి, 35 డిగ్రీల లోపు ఉండాలి. బెజవాడ ఎండాకాలంలో పది గంటలకు, స్టార్ట్ చెయ్యని ఇంజన్ కూడా అంతకన్నా వేడిగా ఉంటుంది. పొద్దున్నే ఆరింటికి రమ్మన్నాడు.

నేను వెళ్లేసరికి షెడ్డులో కుర్రాడు ఊడ్చి నీళ్లు చల్లుతున్నాడు. ఇంజన్ మీద చెయ్యి పెడితే కుండలా చల్లగా ఉంది. మేస్త్రి ఎడమవైపు మూత విప్పి, స్పానర్‌తో మాగ్నెట్‌ను కొద్దికొద్దిగా తిప్పుతూ దాని మీది 'టీ' అక్షరం గుర్తును గీతకు తెచ్చాడు. పైన రెండు టాపెట్ మూతలు తీశాడు. ఫీలర్ గేజ్ అనే రేకుల గుత్తి విప్పి అన్నిటికన్నా పల్చటి రేకును ఎగ్జాస్ట్ వైపు పెట్టాడు. దూరలేదు. గుత్తిలో అంతకన్నా పల్చటిది లేదు. ఆయన ఒక్క క్షణం నా వైపు చూసి మళ్లీ పనిలోకి వంగాడు.

నట్టు వదులు చేసి, మర తిప్పి, 0.08 రేకు పెట్టి, నట్టు బిగించి, రేకు లాగి చూశాడు. బిగించేటప్పుడు మర కొంచెం తిరిగిందట, మళ్లీ విప్పాడు. మళ్లీ బిగించాడు, మళ్లీ తృప్తి లేదు. మూడోసారి నన్ను లాగి చూడమన్నాడు. రేకు వదులుగా జారలేదు, పట్టుకోలేదు. చిన్నప్పుడు పుస్తకం పేజీల మధ్య దాచుకున్న నెమలీకను పోగు చెదరకుండా లాగితే ఎలా వస్తుందో అలా వచ్చింది. "ఇది చేతికి గుర్తుండాలి" అన్నాడు కుర్రాడితో. వాడు కూడా లాగి చూశాడు.

పని అక్కడితో అవలేదు. కాలిన అంచు ఊరికే మానదు కదా. హెడ్డు దించి, వాల్వు తీసి, పేస్టు రాసి సీటులో అటూ ఇటూ రుద్దారు. అంచు చుట్టూ ఒకే రకం బూడిదరంగు ఉంగరం వచ్చేదాకా రుద్దడమే పని. తర్వాత వాల్వు మూసి పైన పెట్రోలు పోసి కాసేపు చూశారు. కింద తడి దిగలేదు. వాల్వు మార్చాల్సినంత కాలలేదని ఆయన తేల్చాడు. గ్యాస్కెట్లు, ఆయిల్, కూలీ కలిపి 1,900. సీడీఐ, కాయిల్ పాతవి ఇంట్లోనే ఉంటే తెచ్చి బిగించుకోమని, కొత్తవి దాచుకోమని కూడా చెప్పాడు.

2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 బండ్లు వచ్చాక చాలావాటిలో కార్బొరేటర్ చోట ఇంజెక్షన్ వచ్చింది, షెడ్లలో స్కానర్లు వచ్చాయి. ఈ మేస్త్రి షెడ్డులోనూ ఒకటుంది, కుర్రాడు వాడతాడు. అది మంచిదే. సెన్సార్ చెప్పే తప్పును స్కానర్ అర నిమిషంలో చూపిస్తుంది. కానీ ఈ టాపెట్ సందును కొలిచే సెన్సార్ మన మామూలు బండ్లలో లేదు. ఇంజెక్షన్ బండికీ వాల్వులున్నాయి, వాటికీ సందు ఉంది, దాన్ని కనిపెట్టే చెవి ఇంకా ఎవరో ఒకరికి ఉండాలి. కుర్రాడు రెండూ నేర్చుకుంటున్నాడని చూసి నాకు చాలా సంతోషం కలిగింది.

పాత బండి కొనబోయేవాళ్లు ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను చెప్పేది ఇది. పొద్దున్నే వెళ్లండి. స్టార్ట్ చెయ్యకముందే ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే మీరు రాకముందే ఎవరో తిప్పి ఉంచారు. సెల్ఫ్ వద్దు, కిక్ చేత్తో నొక్కి ఎదురు తన్నుతుందో లేదో చూడండి. పది కిలోమీటర్లు తోలి, ఆపి, వేడి మీద మళ్లీ స్టార్ట్ చెయ్యండి. అమ్మేవాళ్లు తొందరపెడితే ఆ రోజుకు లేచి వచ్చేయండి. మరీ మెత్తగా తిరుగుతుంటే, ఒక మెకానిక్‌ను వెంటబెట్టుకుని రెండోసారి వెళ్లండి.

పోయిన ఆదివారం గంగూరు దాటాను. తుమ్మచెట్టు దాటాను. కంకిపాడులో టీ తాగడానికి ఆగి, కావాలనే ఐదు నిమిషాల్లోనే కిక్ కొట్టాను. మొదటి దెబ్బకే అందుకుంది. ఉయ్యూరులో వాకిట్లోకి తోలగానే అమ్మ బయటికి వచ్చి, "బండేంట్రా, టిక్కు టిక్కుమంటోంది? మొన్నటిదాకా చప్పుడు లేదుగా" అంది. అవునమ్మా అని, సంచులు దించి, ఆమెను బండి దగ్గరికి తీసుకొచ్చి వినిపించాను. నలభై ఏళ్లు జాకెట్లు కుట్టిన మనిషి. తల పక్కకు వంచి కాసేపు విని, "బానే ఉందిలే, ఒకే తీరుగా ఉంది" అని లోపలికి వెళ్లింది.

మళ్లీ 3,000 కిలోమీటర్లకు సందు చూపించాలి. సీటు కింద కాగితం మీద మీటరు అంకె రాసి పెట్టుకున్నాను. లెక్కన దసరా దాటాక వస్తుంది. చలి మొదలైనా సరే, ఆరింటికే తెమ్మన్నాడు మేస్త్రి.