బై అండ్ లార్జ్: ఓడ దిగివచ్చిన జాతీయం

ఆంగ్ల వార్తాపత్రికలలో ‘బై అండ్ లార్జ్’ అనే జాతీయం మీకు తరచుగా ఎదురవుతుంది. విడివిడిగా చూస్తే రెండూ తెలిసిన మాటలే. కలిసినప్పుడే అర్థం అందదు. ‘లార్జ్’ అంటే పెద్దది కదా అని కొందరు దీనిని ‘పెద్ద ఎత్తున’ అని అనువదిస్తారు. అది పొరపాటు. ఎందుకో తెలియాలంటే తెరచాప ఓడల కాలానికి వెళ్ళాలి.

పుట్టుక

తెరచాప ఓడ గాలికి సూటిగా ఎదురు వెళ్ళలేదు. చతురస్రపు తెరచాపలు కట్టిన పాత ఓడలు గాలి వచ్చే దిక్కుకు సుమారు 67 డిగ్రీల దూరం వరకే తిరగగలిగేవి. అలా వీలైనంతగా ఎదురుగాలి వైపు నడపడం ‘బై’. గాలి వెనుక వైపు నుంచి తోస్తుండగా సులువుగా సాగడం ‘లార్జ్’. రెండు విధాలుగానూ చక్కగా నడిచే ఓడ ఏ గాలికైనా పనికివస్తుంది. శామ్యూల్ స్టర్మీ 1669లో ప్రచురించిన ‘ద మెరినర్స్ మ్యాగజీన్’ అనే నావికా గ్రంథంలో ఈ జంటపదం కనిపిస్తుంది.

అర్థ పరిణామం

నావికుల నోట దీని భావం ‘గాలి ఎటున్నా’ అని. అందులో మినహాయింపు లేదు. నేల మీదికి వచ్చాక అది ‘అన్ని వైపులా చూసి చెబితే’ అన్న అర్థం పొంది, చివరకు ‘చాలావరకు’, ‘మొత్తం మీద’ అన్న చోట నిలిచింది. నేటి వాడుకలో మినహాయింపుకు చోటుంది. పుట్టుక కథ చెప్పి ఆగిపోయే వివరణలలో ఉన్న లోపం ఇదే: అవి ఆసక్తి కలిగిస్తాయి గాని, ఈ మలుపును చూపవు.

ఈ మలుపు అనువాదంలో ఎంత ముఖ్యమో చూడండి. ‘బై అండ్ లార్జ్, ద విలేజర్స్ యాక్సెప్టెడ్ ద స్కీమ్’ అన్న వాక్యాన్ని ‘గ్రామస్థులందరూ పథకాన్ని అంగీకరించారు’ అని రాస్తే, ఒప్పుకోనివారు వాక్యంలోనే లేకుండా పోతారు. ‘గ్రామస్థులు చాలావరకు పథకాన్ని అంగీకరించారు’ అన్నప్పుడే వారికి చోటు మిగులుతుంది.

కాబట్టి జాతీయం పుట్టుక తెలుసుకోండి. అర్థాన్ని మాత్రం నేటి వాడుకను బట్టి నిర్ణయించండి. మొదటిది తప్పుడు ఊహల నుంచి కాపాడుతుంది, రెండవది తప్పుడు అనువాదం నుంచి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ‘బై’, ‘లార్జ్’ పదాల నావికార్థాలను వివరించండి.
2. ఈ జాతీయాన్ని ‘పూర్తిగా’ అని అనువదించడం ఎందుకు సరికాదు?